వేళ్ళు మెరుపులా కదలవు: ఒక యువ రచయితకు లేఖ

చిక్కడపల్లి,
హైదరాబాదు.

ప్రియమైన మిత్రులకు,

మీ కథ అందింది. వయసులో మీరు నా మనవడి ఈడువారే అయినా, కథ రాసి పంపినవారిని నువ్వనడం నాకు అలవాటు లేదు కాబట్టి మీరనే రాస్తాను. కథ బాగుంది. అయితే మూడు వారాలుగా నేను జవాబు రాయలేకపోవడానికి కారణం ఐదో పేజీలో మీరు రాసిన ఒక వాక్యం. "అతని వేళ్ళు కీబోర్డు మీద మెరుపులా కదిలాయి, మరుక్షణం ప్రత్యర్థి పని అయిపోయింది" అన్నారు. అది చదివి కాగితాలు మడిచి పక్కన పెట్టాను. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ మళ్ళీ తీశాను, మళ్ళీ అక్కడే ఆగిపోయాను.

ఇంటర్మీడియట్ తప్పిన కుర్రవాడు వారాసిగూడలోని రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుని, ఫైటింగ్ గేములో ఓడినవాడిని ముగించే దెబ్బలు, అంటే మీరు ఫేటాలిటీలు అని రాసినవి, ఒక వేసవి అంతా నేర్చుకోవడం మీ కథ. ఆ రెండు నెలల్లో అతని చేతికి వచ్చింది ఏమిటో పాఠకుడికి కనబడవలసిన చోట మీరు ఒక మెరుపు మెరిపించి తప్పుకున్నారు.

నాకు ఈ ఆటలు తెలియవని మీరు అనుకొని ఉంటారు. నిజమే, తెలియవు. అందుకే మా అపార్టుమెంటులో కింది అంతస్తు కుర్రవాణ్ణి, ఇంజినీరింగు చదువుతున్నాడు, పిలిచి మీ కథలో ఉన్న ఆటనే, 1992 నాటి మొదటి మోర్టల్ కాంబాట్‌ను, నా కంప్యూటర్‌లో పెట్టించుకున్నాను. వంటల పుస్తకం ఎదురుగా పెట్టుకుని పులిహోర కలిపే కొత్త కోడలిలా మీ కథను పక్కన పెట్టుకుని, మీరు రాసింది రాసినట్టు చేయడం మొదలుపెట్టాను. సబ్-జీరో అనే యోధుడికి ముందుకు, కిందికి, ముందుకు, ఆపైన హై పంచ్ అని రాశారు. వరుస సరైనదే. రెండు రౌండ్లు గెలిచాను, ఆ అబ్బాయి కావాలనే ఓడిపోయాడని తరవాత తెలిసింది, అది వేరే సంగతి. ఫినిష్ హిమ్ అని గంభీరమైన గొంతు వినిపించింది, ఎదుటివాడు కాళ్ళు నిలవక తూలుతున్నాడు, నేను మీరు చెప్పిన నాలుగూ నొక్కాను. నా మనిషి గాలిలో ఒక గుద్దు గుద్దాడు. ఇంకో క్షణానికి గడువు తీరి ఎదుటివాడు తనంతట తానే కూలిపోయాడు.

ఎందుకని అడిగితే ఆ అబ్బాయి నవ్వి, "దూరంగా నిలబడ్డారు తాతగారూ, ఇది ఆనుకుని నిలబడి చేసేది" అన్నాడు. ఆ సంగతి మీ కథలో లేదు. రెండోసారి దగ్గరికి నడిచాను గాని, కంగారులో చివరి 'ముందుకు' బాణం కన్నా గుద్దు మీటే ముందుగా పడింది. మామూలు గుద్దు తగిలి వాడు మామూలుగా పడిపోయాడు. మూడోసారి నేను తెరకు కుడివైపున ఉన్నాను. ముందుకు అంటే కుడి బాణం కాదని, ఎదుటివాడు ఎటు ఉంటే అటు అని, అంటే ఇప్పుడు ఎడమ బాణమని నా వేళ్ళకు అర్థమయ్యేసరికి సమయం దాటిపోయింది. మీ నాలుగో పేజీలో మీ హీరో కూడా కుడి అంచున నిలబడి కుడి బాణమే నొక్కుతాడు. నొక్కి చూడండి, వెనక్కి నడుస్తాడు. నాకు పదకొండోసారికి వచ్చింది. ఓడినవాడి తలను వెన్నెముకతో సహా పీకేసే ఆ సంగతి నేను వర్ణించను, అది చూసి మా ఆవిడ టీవీ గదిలోంచే వెళ్ళిపోయింది.

తరవాత స్కార్పియన్ అనే ఇంకో యోధుడు. ఇతనికి దూరంగా నిలబడి పైబాణం రెండుసార్లు నొక్కాలి. నొక్కితే మనిషి గెంతుతాడు, మళ్ళీ గెంతుతాడు, కోతిలా గెంతుతూ ఉండగానే గడువు అయిపోతుంది. ఆ ఆటలో మీటలు ఐదు: హై పంచ్, లో పంచ్, హై కిక్, లో కిక్, బ్లాక్. ఆ బ్లాక్‌ను, దెబ్బ కాచుకోవడానికి ఇచ్చిన మీటను, ఒక వేలితో అదిమి ఉంచితే గాని అతని కాళ్ళు నేల విడవకుండా ఉండవు. అప్పుడే పైకి, పైకి అన్నది పని చేస్తుంది. ఎదుట తిరిగి కొట్టగలిగినవాడు ఎవడూ లేడు, అయినా కాచుకునే మీట మీద నుంచి వేలు తీయకూడదు. ఇంత మంచి విషయం చేతిలో ఉంచుకుని మీరు మెరుపు అని రాశారంటే నాకు కోపం రాక ఏమవుతుంది?

నేను నలభై ఏళ్ళుగా ఒకటే మాట చెబుతూ వస్తున్నాను, విన్నవాళ్ళు తక్కువ. పని తెలిసిన మనిషి గురించి రాసేవాడు ఆ పని చేతికి ఏ వరుసలో వస్తుందో, ఏ మలుపులో తప్పిపోతుందో తెలుసుకుని రాయాలి. ఆనందం, ఏకాగ్రత, పట్టుదల అన్న మాటలు ఎవరైనా రాస్తారు. ముగ్గు వేసే ఆవిడ పిండిని రెండు వేళ్ళ మధ్య నుంచి ఎంత వదులుతుందో చెబితే ఆవిడ ఏకాగ్రత గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. 1983లో నేను ఇక్కడే ఒక అచ్చు కార్యాలయంలో రాత్రి షిఫ్టు ప్రూఫ్ రీడరును. అక్కడ సీసపు అక్షరాలను ఏరి వరుసగా పేర్చే కంపోజిటరు మీద ఒక కథ రాశాను. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, ఎడమ బొటనవేలు చివరి అక్షరాన్ని కదలకుండా అదిమిపట్టడం, కుడి చెయ్యి చూడకుండానే అక్షరాల గదులున్న కేసు మీద తిరిగి గుణింతాన్నీ ఒత్తునూ వేరువేరు గదుల్లోంచి ఏరుకోవడం, సీసపు అక్షరానికి ఒక పక్కన ఉండే చిన్న గాడిని వేలితో తడిమి అది తిన్నగా ఉందో తలకిందులుగా ఉందో తెలుసుకోవడం, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్న వాక్యాన్ని మనం తిన్నటి వాక్యాన్ని చదివినంత తేలికగా చదవడం, ఇవన్నీ పదిహేను రాత్రులు అతని పక్కన నిలబడి నేర్చుకుని రెండు పేరాలు రాశాను. నా జీవితంలో నేను గట్టిగా రాసిన మొదటి రెండు పేరాలు అవి.

ఒక వారపత్రిక ఆ కథను వేసుకుంది. అచ్చులో ఆ రెండు పేరాలూ లేవు. వాటి చోట "అతని వేళ్ళు అక్షరాల మీద నాట్యమాడాయి" అని ఉంది. అడగడానికి వెళితే సంపాదకుడు గారు కుర్చీలోంచి లేవకుండానే, "పాఠకుడికి ఈ నిఘంటువంతా ఎందుకండీ, పైగా మీ కథకు కొసమెరుపు లేదు, అదీ నేనే పెట్టాను" అన్నాడు. ఆయన పెట్టిన కొసమెరుపు ఏమిటంటే, కంపోజిటరు ఆ రాత్రి కంపోజు చేస్తున్న మరణవార్త అతని సొంత కొడుకుదే. నేను ఆ పత్రికను తీసుకెళ్ళి మా కంపోజిటరుకు ఇచ్చాను. ఆయన చదివి, చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "నా వేళ్ళు నాట్యమాడితే మూడో రోజే నన్ను పనిలోంచి తీసేసేవాళ్ళు బాబూ" అన్నారు. తరవాత, "పిల్లాణ్ణి ఎందుకు చంపారు?" అని అడిగారు. వాళ్ళబ్బాయి అప్పుడు ఆరో తరగతి.

మీరు రెండో పేజీలో ఆట చరిత్రను తెచ్చి అతికించారు: ఎడ్ బూన్, జాన్ టోబియాస్ దీన్ని తయారు చేయడం, 1993 సెప్టెంబరు 13న ఇళ్ళలో ఆడుకునే యంత్రాలకు ఇది విడుదల కావడం, ఆ డిసెంబరులో అమెరికా సెనేట్‌లో విచారణ, 1994లో ఆటలకు వయసు ముద్ర వేసే సంస్థ ఏర్పడటం. వివరాలు తప్పని అనను గాని, ఆ పేజీ మొత్తం తీసేసినా మీ కుర్రవాడికి ఒక్క వేలు కూడా తరగదు. ఒక్కటి మాత్రం ఉంచండి. ఇళ్ళకు వచ్చిన ఆ ఆటలో నింటెండో కంపెనీ వారు తమ యంత్రం మీద నెత్తురు తీసేసి దాని చోట బూడిద రంగు చెమట పెట్టించారు. సేగా అనే ఇంకో కంపెనీ యంత్రం మీద కూడా మొదట నెత్తురు కనబడేది కాదు గాని, ఏ, బి, ఏ, సి, ఏ, బి, బి అని వరుసగా నొక్కితే నెత్తురు తిరిగి వచ్చేది. అది చదివినప్పుడు నాకు ఆ సంపాదకుడే గుర్తుకొచ్చాడు. నా కథలో నెత్తురు తుడిచి చెమట పూశాడు. ఏ మీటలు ఏ వరుసలో నొక్కితే ఆ రెండు పేరాలూ తిరిగి వస్తాయో నాకెవరూ చెప్పలేదు; చేతిప్రతి కూడా ఆ కార్యాలయంలోనే పోయింది.

మీ హీరో ఆ వరుసలను నెట్‌లో చూసి నేర్చుకున్నట్టు రాశారు. పోనీయండి. కానీ ఆ ఆట యంత్రాలు వీడియో గేమ్ పార్లర్లలో ఉన్న రోజుల్లో ఫేటాలిటీ ఎలా చేయాలో యంత్రం మీద రాసి ఉండేది కాదు, ఒకరి నోటి నుంచి ఒకరికి చేరాల్సిందే. నారాయణగూడ వైపు మా మేనల్లుడు వెళ్ళే పార్లర్‌లో కుర్రవాళ్ళు ఆర్టీసీ బస్సు టిక్కెట్ల వెనక బాణం గుర్తులు వేసుకుని, నిలబడవలసిన దూరాన్ని మాత్రం స్నేహితుడికి కూడా చెప్పకుండా దాచుకునేవారట. చూశారా, మీరు వదిలేసిన ఆ దూరాన్నే వాళ్ళు దాచుకున్నారు. తరవాతి కాలంలో ఆటే అన్నీ చూపించి సాధన చేయించడం మొదలుపెట్టింది; 2015లో వచ్చిన మోర్టల్ కాంబాట్ ఎక్స్‌లోనైతే రెండు మీటలతో పని కానిచ్చే ఈజీ ఫేటాలిటీలను డబ్బు తీసుకుని అమ్మారు కూడా. మన కథల్లో మెరుపులా, నాట్యమాడాయి వంటివి అలా కొనుక్కున్నవే.

ఇక మీ చివరి పేజీ. మాల్‌లో పోటీ, గెలుపు, చప్పట్లు, ఆ తరవాత జీవితమనే ఆటలో అంటూ ఒక వాక్యం. ఏ పోటీకి పంపడానికి అలా రాశారో నాకు అర్థమైంది. కొట్టేయండి.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది, దాన్ని ఇంతసేపు దాటవేశాను. మీ కుర్రవాడు సాధన చేయాలంటే ఎదుట ఒకరు ఓడిపోతూ ఉండాలి. అందుకు తొమ్మిదేళ్ళ చెల్లెల్ని తెచ్చి అదే కీబోర్డు రెండో కొసన కూర్చోబెట్టారు. ఆటలో ఎంచుకోవడానికి ఉన్న ఏడుగురు యోధుల్లో ఆడమనిషి సోన్యా ఒక్కతే కాబట్టి ఆ పాప ఎప్పుడూ సోన్యానే ఎంచుకుంటుంది. రెండు రౌండ్లు ఓడగానే యంత్రం ఫినిష్ హర్ అంటుంది. పాప చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. మూడంటే మూడే వాక్యాలు రాసి ఆమెను అక్కడే వదిలేసి మీరు మాల్‌కు వెళ్ళిపోయారు.

ఆ వేసవిలో ఆ పాప ఎన్ని వందల సార్లు ఓడింది? అన్న ఆనుకుని చేసే దెబ్బ సాధన చేస్తుంటే ఆఖరి దెబ్బ ఆమె దగ్గరగా నిలబడి తినాలి, స్కార్పియన్ రోజున దూరంగా తినాలి. మరీ తొందరగా ఓడితే అన్నకు గెలిచినట్టు ఉండదు, మరీ ఆలస్యమైతే విసుక్కుంటాడు. అంటే ఓడటానికి కూడా ఒక చేతి వరుస ఉంది, దాన్ని ఆమె ఎవరూ చెప్పకుండా నేర్చుకుంది. ఒకే కీబోర్డు మీద ఇద్దరి చేతులు ఉన్నప్పుడు ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలేది? పాపకు ఏ మీటలు ఇచ్చాడు? పని చేయని మీట ఏదైనా ఉంటే అది ఎవరి వైపు ఉంది? ఇవి మీకు తెలుసని నా నమ్మకం, ఎందుకంటే చేతులు ఒళ్ళో పెట్టుకోవడం ఊహించి రాసినట్టు లేదు.

నిన్న సాయంత్రం కింది అంతస్తు అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఈసారి నన్ను సోన్యాను తీసుకోమని, తాను సబ్-జీరోను తీసుకున్నాడు. రెండు రౌండ్లూ వాడే గెలిచాడు, కావాలని ఓడే ఓపిక అయిపోయినట్టుంది. ఆ గొంతు ఫినిష్ హర్ అంది. మీ పాపలాగా చేతులు ఒళ్ళోకి తీసుకుందామనుకున్నాను గాని నా వల్ల కాలేదు. బ్లాక్ నొక్కాను, వెనక్కి నొక్కాను, ఉన్న మీటలన్నీ నొక్కాను. ఏదీ పని చేయలేదు, సోన్యా అలాగే తూలుతూ నిలబడి ఉంది, వాడు తీరిగ్గా నడుచుకుంటూ దగ్గరికి వస్తున్నాడు. మీ పాప మొదటి రోజు అలా నొక్కిందా, లేదా? ఎన్నో రోజున మానేసింది? అది రాసి పంపండి.

ఆశీస్సులతో,
మీ కథ చదివిన పెద్దాయన