టెక్సాస్‌లో ఆగిన వైద్యం కోసం పిల్లాడిని వైజాగ్ తీసుకురావచ్చా?

మీ అక్కగారి అబ్బాయికి పదిహేనేళ్లు, ట్రాన్స్‌జెండర్, వాడికి కావాల్సిన హార్మోన్లు టెక్సాస్‌లో ఇవ్వడం లేదు, వైజాగ్ తీసుకొస్తే ఇక్కడ మొదలుపెడతారా అని అడిగారు. మా చెల్లెలు వాళ్లుండేదీ డాలస్ దగ్గరే. మా మేనల్లుడు పుట్టినప్పుడు ఆడపిల్లనుకున్నాం. ఊహ తెలిశాక తను అబ్బాయినని వాడే చెప్పాడు. మొన్న వేసవికి సీతమ్మధారలో మా ఇంట్లో ఉన్నప్పుడు చెల్లెలికీ సరిగ్గా ఈ ఆలోచనే వచ్చింది.

ముందు అక్కడి చట్టం సంగతి. అది ఆపరేషన్ల గురించేనని మన బంధువులు చాలామంది అనుకుంటున్నారు. కాదు. 2023 సెప్టెంబరు 1 నుంచి అమలవుతున్న టెక్సాస్ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లకు ఇలా లింగ మార్పు కోసం యుక్తవయసు మార్పులను ఆపే మందులు, హార్మోన్లు కూడా ఇవ్వకూడదంటోంది. ఇస్తే డాక్టర్ లైసెన్సు పోతుంది. అప్పటికే వాడుతున్న పిల్లల చేత మెల్లగా మాన్పించమంది. ఆరేడేళ్లకే ఎదిగిపోయే పిల్లలకు మాత్రం అవే మందులు ఇవ్వొచ్చు. కోర్టులు కొట్టేస్తాయని ఎదురుచూడొద్దనండి. ఇలాంటి టెన్నెసీ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్ 18న 6-3 తేడాతో సమర్థించింది.

ఈ మందులపై సందేహాలు లేవని నేననను. 2024లో బ్రిటన్‌లో డాక్టర్ హిలరీ కాస్ ఇచ్చిన నివేదిక ఆధారాలు బలహీనంగా ఉన్నాయంది, దాంతో బ్రిటన్ పిల్లలకు యుక్తవయసు మార్పులను ఆపే మందులు ఆపింది. స్వీడన్, ఫిన్లాండ్ బాగా తగ్గించాయి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాత్రం ఈ వైద్యాన్ని సమర్థిస్తూనే ఉంది. డాక్టర్లే ఇంత తర్జనభర్జన పడుతున్నప్పుడు ఒక్కో పిల్లాణ్ణీ చూసి నిదానంగా తేల్చాలి గానీ, శాసనసభ అందరికీ కలిపి ఒకే తీర్పు చెప్పేయడం అన్యాయం. ఆ తీర్పు మా ఇంట్లో పిల్లాడి మీద పడింది కాబట్టి గట్టిగానే అంటున్నాను.

ఇక వైజాగ్. మన 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం హార్మోన్ వైద్యం, కౌన్సెలింగ్ అందుబాటులో ఉంచమని ప్రభుత్వాలకు చెప్పింది. అలాగని సెలవుల్లో వచ్చి మందు రాయించుకుపోయే వైద్యం కాదిది. మేం కలిసిన ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఓపిగ్గా అంతా విని ఒకటే అడిగారు: "నేను మొదలుపెడతానమ్మా, తిరిగి వెళ్లాక రక్తపరీక్షలు, ఎముకల బలం, డోసు ఎవరు చూస్తారు?" మా చెల్లెలి దగ్గర జవాబు లేదు. మీ అక్కగారి దగ్గరా ఉండదు, అక్కడ ఏ డాక్టరూ ఆ చీటీ కొనసాగించలేరు. మధ్యలో ఆగిపోతే పిల్లాడు ఇంకా కుంగిపోతాడు. అందుకని మేం మొదలుపెట్టలేదు.

టెక్సాస్‌లో కౌన్సెలింగ్‌పై నిషేధం లేదు. అది ఆపొద్దు. ఇక్కడ ఎవరైనా "మామూలుగా మార్చేస్తాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. వేరే రాష్ట్రానికి మారాలనుకుంటే, ఉద్యోగం ఒప్పుకోకముందే అక్కడి క్లినిక్‌కి ఫోన్ చేయమనండి. నిషేధం లేని కాలిఫోర్నియాలో సైతం లాస్ ఏంజెలెస్ పిల్లల ఆసుపత్రి 2025 జూలైలో ఈ వైద్యం చేసే విభాగాన్ని మూసేసింది. హెచ్1బీ మీద ఉంటే కంపెనీ మారడానికి కొత్త పిటిషన్ కావాలి, మా బావగారు ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు.

అబ్బాయిని సెలవులకు మాత్రం తప్పకుండా తీసుకురమ్మనండి. అమ్మమ్మగారికి ముందే చెప్పి, వాడు ఏ పేరుతో పిలవమంటాడో ఆ పేరుతోనే ఇంట్లో అందరూ పిలిచేలా మీరు చూసుకోండి.