ఖాళీ షెల్లు ఇరుక్కుంటోందా? పార్టులు కొనేముందు ఆ షెల్లు మొహం చూడండి

ప్రశ్న: నమస్తే సార్. మేం డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్ కార్డ్ వచ్చాక ఒక రూగర్ 10/22 అనే .22 రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, సరదాగా వీకెండ్ రేంజ్‌కి వెళ్లడానికి. మొదట్లో బానే నడిచింది. ఇప్పుడు పది రౌండ్లకి రెండు మూడుసార్లు ఆగిపోతోంది. ఒకసారి ఖాళీ షెల్లు బయటికి పడకుండా కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది, ఇంకోసారి కొత్త తూటా పేలే చోటికి, అంటే చాంబర్‌లోకి పోకుండా ముక్కు కింద గుద్దుకుని ఆగిపోతుంది. వీడియోలు చూసి బారెల్ అద్దంలా మెరిసేదాకా తోమాను, నూనె కూడా బాగా పట్టించాను, అయినా అంతే. షాపతను ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్, స్ప్రింగ్ మూడూ మార్చేద్దాం, 150 డాలర్లు అవుద్ది అంటున్నాడు. మార్పించేయమంటారా? తూటాలు పెద్ద డబ్బాలో చీప్‌గా దొరికేవే వాడుతున్నా.

జవాబు: వద్దండీ, ఆ 150 ఇప్పుడే తీయకండి. మూడు పార్టులూ ఒకేసారి మార్చాక సమస్య పోయిందే అనుకోండి, దేనివల్ల పోయిందో మీకూ తెలీదు అతనికీ తెలీదు. పైగా మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. చీప్ డబ్బా తూటాలు, బాగా పట్టించిన నూనె, ఎవరో వాడేసిన మేగజైన్, అంటే తూటాలు నింపి గన్‌లోకి ఎక్కించేది.

ఇది ఎలా పనిచేస్తుందో కాస్త చెప్తా, అది తెలిస్తే మిగతాది మీరే పట్టుకుంటారు. 1964లో వచ్చిన గన్ ఇది, పెద్ద రైఫిళ్లలో లాగా చాంబర్‌ని వెనకనుంచి మూసే బోల్టుని బిగించి పట్టుకునే తాళం ఏమీ ఉండదు, బోల్టు బరువూ స్ప్రింగూ, అంతే. తూటా పేలినప్పుడు గ్యాస్ తూటా ముందున్న సీసపు గుండుని ముందుకి తోస్తుంది, షెల్లుని వెనక్కి తోస్తుంది, ఆ షెల్లే బోల్టుని నెట్టుకుంటూ పోతుంది. బోల్టుకి కుడిపక్క చిన్న కొక్కెం ఉంటుంది చూడండి, అదే ఎక్స్‌ట్రాక్టర్, అది షెల్లు అంచుని పట్టుకుని ఉంటుంది. ఎడమపక్క ట్రిగ్గర్ హౌసింగ్‌లో నిలబడ్డ రేకు ఎజెక్టర్. వెనక్కొచ్చే షెల్లు దానికి తగిలి కుడివైపు కిటికీలోంచి ఎగిరిపోతుంది. తర్వాత బోల్టు ముందుకొస్తూ మేగజైన్‌లోంచి ఇంకో తూటాని తోసుకుపోతుంది. ఇంత పనికీ బలం ఇచ్చేది ఆ చిన్న తూటానే. తూటా కాస్త నీరసంగా ఉన్నా, దారిలో ఎక్కడైనా రాపిడి పెరిగినా బోల్టు పూర్తిగా వెనక్కి పోదు, సగంలోంచి తిరిగొచ్చేస్తుంది, షెల్లు ఇంకా బయటపడకముందే దాన్ని పట్టి నొక్కేస్తుంది. మీకు నిలువుగా ఇరుక్కునేది ఎక్కువగా ఇందుకే.

కాబట్టి ఫస్ట్ తూటాలు. డబ్బా మీద స్పీడ్ రాసుంటుంది చూడండి. 40 గ్రెయిన్ల గుండు సెకనుకి 1200 అడుగులు దాటితే హై వెలాసిటీ, 10/22కి అది హాయిగా సరిపోతుంది, ఉదాహరణకి సీసీఐ మినీ మ్యాగ్ 1235. స్టాండర్డ్ వెలాసిటీ అంటే 1070 ఆ చుట్టుపక్కల, శుభ్రంగా ఉన్న గన్‌లో నడుస్తుంది, జిడ్డుపట్టిన గన్‌లో మొరాయిస్తుంది. చప్పుడు రాదని కొనే 710 అడుగుల క్వైట్ రకాలైతే తర్వాతి తూటాని తనే ఎక్కించుకునే ఇలాంటి సెమీ ఆటోలో షెల్లుని బయటికి నెట్టలేవు, అది గన్ తప్పు కాదు. ఒక్క మంచి హై వెలాసిటీ డబ్బా కొని, ఇంకేమీ మార్చకుండా అదే గన్‌లో అదే మేగజైన్‌తో కాల్చి చూడండి. తేడా కనపడితే మీ డబ్బులు మిగిలినట్టే. ఒక మాట, స్టింగర్ అని ఇంకా స్పీడుది ఉంటుంది, దాని షెల్లు మామూలు దానికంటే కాస్త పొడుగు, ఫ్యాక్టరీ బారెల్‌లో పర్లేదు కానీ మీకు అమ్మినాయన మ్యాచ్ చాంబర్, అంటే పోటీల కోసం బిగుతుగా చేసిన చాంబర్ ఉన్న బారెల్ వేయించి ఉంటే అది వాడకూడదు, సెకండ్ హ్యాండ్ కాబట్టి బారెల్ మీద ఏం రాసుందో చూసుకోండి.

రెండోది మేగజైన్, తూటా ముక్కు కింద గుద్దుకునేదానికి నా అనుమానం దీనిమీదే. మీ దగ్గర రెండుంటే మార్కర్‌తో 1, 2 అని రాసుకోండి, ఆగినప్పుడల్లా ఏ నంబరో గుర్తుపెట్టుకోండి. అన్నీ ఒకదాంట్లోనే ఆగుతుంటే గన్‌ని వదిలేయండి. టక్‌మని చప్పుడొచ్చేదాకా లోపలికి నొక్కుతున్నారా లేదా చూడండి, ఈ గన్‌లో మేగజైన్ సగం ఎక్కి ఎక్కినట్టే కనపడుతుంది. లోపల గుండ్రంగా తిరిగే రోటర్ దగ్గర మైనం, మసి చేరితే తూటా టైముకి పైకి రాదు, బయటినుంచి గుడ్డతో తుడిచి, తూటాని వేలితో నొక్కితే రోటర్ పట్టేయకుండా తిరిగి పైకి వస్తుందేమో చూడండి. లోపల మాత్రం నూనె వెయ్యొద్దు. విప్పాలనిపిస్తే మాన్యువల్ పక్కన పెట్టుకునే విప్పండి, స్క్రూ వదిలిన వెంటనే స్ప్రింగ్ బలం పోతుంది, మళ్లీ ఎన్ని చుట్లు తిప్పాలో తెలీకపోతే ఉన్న మేగజైన్ కూడా పోతుంది. కొత్తది కొనడమే సుఖం అని నా ఫీలింగ్.

ఇక మీ క్లీనింగ్ సంగతి. బారెల్ తోమడం మీద పడ్డ కష్టం చాంబర్ మీద పడి ఉంటే బావుండేది. ఫీడింగ్‌కీ ఎజెక్షన్‌కీ బారెల్ మెరుపుతో పనిలేదు. పైగా 10/22లో బోల్టు ఉండే పెట్టె, అంటే రిసీవర్ వెనక మూసి ఉంటుంది కాబట్టి రాడ్ బారెల్ మూతి నుంచే దూర్చాలి, అలా గీరుకుపోతే మూతి అంచు అరిగి గురి పాడవుతుంది, లాగే తాడు రకం వాడండి. పనికొచ్చే చోట్లు మూడు. చాంబర్, బోల్టు ముందు ముఖం, ఆ కొక్కెం కింద సందు. మేగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, చాంబర్‌లో కంటితోనూ వేలితోనూ చూసి ఏమీ లేదని రూఢి చేసుకున్నాకే ఇవన్నీ. .22 తూటాల సీసం మీద మైనం పూసి ఉంటుంది, మీరు బాగా పట్టించిన నూనె దాంతో, కాలని మందు పొడితో కలిసి చిమ్నీకి పట్టిన జిడ్డులా తయారవుతుంది. కొక్కెం కింద టూత్‌పిక్‌తో గీకండి, వచ్చే నల్లటి ముద్ద చూసి ఆశ్చర్యపోతారు. బోల్టు జారే చోట ఒక్క చుక్క నూనె చాలు, బోల్టు ముఖం, చాంబర్ పొడిగా ఉండాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం కదా, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త.

ఇవన్నీ చేశాక కూడా ఆగుతుంటే అప్పుడు షెల్లుని చూడండి. అంచు ఒకచోట చిరిగినట్టుంటే కొక్కెం పట్టుకుంది కానీ షెల్లు చాంబర్‌లో బిగుసుకుంది, చాంబర్ ఇంకా మురికిగా ఉంది, లేదా గరుకుగా ఉంది. అంచు నున్నగా ఉండి షెల్లు చాంబర్‌లోనే ఉండిపోయిందంటే కొక్కెం జారిపోతోంది, అరిగింది లేదా దాని స్ప్రింగ్ నీరసపడింది. నిజానికి గ్యాస్ ఒత్తిడికి షెల్లు చాలావరకు తనంతట తనే వెనక్కొస్తుంది, కొక్కెం ముఖ్యమైన పని ఎజెక్టర్ తగిలేదాకా దాన్ని వదలకుండా పట్టుకోవడం, అందుకే అరిగిన కొక్కెం ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చేయక మనల్ని తికమక పెడుతుంది. అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ ఒక్కటే మార్పించండి, చిన్న పార్టు, చిన్న ఖర్చు. ఎజెక్టర్ వంగి కనపడితే తప్ప దాని జోలికి పోవద్దు. స్ప్రింగ్ అన్నింటికంటే చివర. గట్టి స్ప్రింగ్ వేస్తే బోల్టు ఇంకా తక్కువ వెనక్కి పోయి జబ్బు ముదురుతుంది, షాపతన్ని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి, ఏమంటాడో.

ఇంకో అలవాటు కూడా చూసుకోండి. మొదటి తూటా ఎక్కించేటప్పుడు హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా ముందుకి వదులుతున్నారేమో. పూర్తిగా లాగి ఒక్కసారిగా వదిలేయాలి, స్ప్రింగ్ దాని పని అది చేస్తుంది. ఇంక ట్రిగ్గర్ నొక్కాక ఏమీ జరక్కపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి అప్పుడు బోల్టు లాగండి. పేలింది కానీ చప్పుడు నీరసంగా, తేడాగా వచ్చిందంటే ఇంకో రౌండ్ కాల్చొద్దు, గుండు బారెల్ మధ్యలో ఉండిపోయి ఉండొచ్చు, ఖాళీ చేసి బారెల్లోంచి వెలుతురు కనపడుతుందో లేదో చూశాకే.

ప్రశ్న: నేను హెచ్ వన్ బి మీద ఉన్నా. ఫ్రెండ్‌కి ఇలాంటి రైఫిలే ఉంది, వాడు ఊరెళ్తూ నా దగ్గర పెట్టి క్లీన్ చేసిపెట్టమన్నాడు. చేయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. స్నేహం కోసం ఇమిగ్రేషన్ ఫైలు మీదకి తెచ్చుకోకండి, మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో లాయర్‌ని అడిగాకే ఏదైనా.

ప్రశ్న: అమ్మాయి హైదరాబాద్‌లో 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్ నేర్చుకుంటోంది, దాంట్లోనూ .22 షెల్లు ఇరుక్కుంటోంది. రైఫిల్‌కి చెప్పినట్టే హై వెలాసిటీ తూటాలు వాడితే పోతుందా అండీ?

జవాబు: ఇక్కడ సరిగ్గా ఉల్టా అమ్మా. మ్యాచ్ పిస్టళ్లు స్టాండర్డ్ వెలాసిటీ తూటాలకే ట్యూన్ చేసి ఉంటాయి, వేగం పెంచితే గన్‌కి దెబ్బ, గురికీ దెబ్బ. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం గెలిచిన ఈవెంటే మీ అమ్మాయిది, అక్కడ చాంబర్ శుభ్రత, మేగజైన్ పెదవులు, అంటే తూటాని పట్టి ఉంచే పై అంచులు వంగకపోవడం, గన్‌కి నప్పిన ఒకే రకం తూటాలు, వీటిమీదే జాగ్రత్త పడాలి. మ్యాచ్‌లో ఆగితే కంగారుపడి బోల్టు లాగకూడదని ఇప్పట్నించే నేర్పండి. మూతి టార్గెట్ వైపే ఉంచి, పిస్టల్ పట్టు వదలకుండా, ఖాళీ చెయ్యి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవాలి. గన్ తప్పని తేలితే మళ్లీ కాల్చే అవకాశం ఇస్తారు, తూటా పెట్టడం మర్చిపోతే మాత్రం ఇవ్వరు.