ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు విడిపోతుంటే

వర్డ్‌లో యూనికోడ్‌లో టైపు చేసిన మీ నవలను పుస్తకాల పేజీలు కూర్చే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లోకి తెచ్చినప్పుడు "పుస్తకం" అన్న మాట "పుస్‌తకం"గా విడిపోవడానికి కారణం తెలుగు లిపికి సరిపడని కంపోజర్ (అక్షరాలను వరుసల్లో కూర్చే అమరిక) అమలులో ఉండడమే కావచ్చు. అందుకోసం సాఫ్ట్‌వేర్‌నే మార్చుకోనవసరం లేదు.

1. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో "అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్"ను ఎంచుకోండి.

2. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీరు వాడే ప్రతి పేరాగ్రాఫ్ స్టైల్‌లోనూ (పేరాల రూపాన్ని ముందే నిర్ణయించి దాచుకునే అమరిక), జస్టిఫికేషన్ విభాగంలో ఇదే కంపోజర్‌ను పెట్టాలి. లేకపోతే అధ్యాయాల శీర్షికలలోనూ, ఫుట్‌నోట్లలోనూ ఒత్తులు విడిపోయే ఉంటాయి, ఆ తప్పు పుస్తకం అచ్చయ్యాక గాని కంటబడకపోవచ్చు.

3. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత పేజీలుంటే ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోండి.

ఇన్‌డిజైన్ చందా భారమనిపిస్తే, పేజీలు కూర్చే మరో సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ ఉచితం. అయితే దాని 1.6 వెర్షన్ తీసుకోండి, పాత 1.4కు తెలుగు ఒత్తులను సరిగా కూర్చడం రాదు.