కుక్క సమాధి కథ నమ్మేసిన తమ్ముడికి

తమ్ముడూ,

వేల్స్‌లోని బెద్గెలెర్ట్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. గ్లాస్లిన్, కొల్విన్ నదులు కలిసే చోటు గురించిన పేరా బాగుంది. కానీ ‘గెలెర్ట్ అనే కుక్క సమాధి వల్లే ఊరికి ఈ పేరు’ అని ఏ అనుమానమూ లేకుండా తేల్చేశావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

వెల్ష్ భాషలో బెద్ అంటే సమాధే. ఇక కథేమిటంటే, లెవెలిన్ రాజు వేట నుంచి వచ్చేసరికి ఉయ్యాల బోర్లాపడి ఉంది, కుక్క మూతికి నెత్తురు. కత్తి దూసి పొడిచేశాడు. తీరా చూస్తే బిడ్డ క్షేమం, పక్కన చచ్చిన తోడేలు. ఇది పంచతంత్రంలో బ్రాహ్మణుడి ఇంటి ముంగిస కథ కదయ్యా! పాము బదులు తోడేలు వచ్చింది, అంతే. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర విన్న కథ దేశాలు దాటి వెళ్ళి ఎదురుపడితే గుర్తుపట్టొద్దూ? లెవెలిన్ పోయింది 1240లో. ఆ సమాధి రాళ్ళు పాతించింది గోట్ హోటల్ నడిపిన డేవిడ్ ప్రిచర్డ్ అంటారు, అదీ 18వ శతాబ్దం చివర. ఆ కొండలు చూడ్డానికి టూరిస్టులు రావడం మొదలైన రోజులవి. హోటల్ గదులు నిండాలి మరి.

ఊరి పేరు వెనక కథ వినబడగానే ఇది ఎప్పటి నుంచి ఉంది, ఎవరికి పనికొచ్చింది అని అడగాలి. అడగనివాడు ఊరి చరిత్ర జోలికి వెళ్ళకూడదు. రాముడు ‘లే పక్షీ’ అన్నాడు కాబట్టి లేపాక్షి అని చెప్పుకునే మనకు ఇది మరీ అవసరం.

మా ఊరి పేరు మీద రాయడానికి నేను తాలూకా ఆఫీసులో చెదలు పట్టిన రికార్డులు తిరగేశాను. చెరువు పేరే ఊరికి వచ్చిందని తేలింది. ఒక వారపత్రిక ఎడిటర్ అదంతా కొట్టేసి, పాండవులు అక్కడ ఒక రాత్రి తలదాచుకున్నారని తనే కలిపి అచ్చేశాడు. ఊళ్ళోవాళ్ళు నన్ను మెచ్చుకున్నది ఆ పాండవుల కోసమే! ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఇప్పటి ఎడిటర్లదీ అదే వరస, ‘కాస్త ఎమోషన్ పెంచండి’ అంటారు.

నువ్వు రాసిన బెద్గెలెర్ట్‌లో ఎమోషన్‌కేం తక్కువ? మధ్యయుగపు రాతల్లో ఆ పేరు ‘క’తో, కెలెర్ట్ అని కనిపిస్తుంది. తొలినాటి క్రైస్తవ సాధువెవరో అయివుంటాడని పండితుల మాట. అక్కడి అగస్టీనియన్ క్రైస్తవ సన్యాసుల మఠం దారినపోయే వాళ్ళకీ, పేదలకీ అన్నం పెట్టింది. ఇప్పటి సెయింట్ మేరీ చర్చిలో 13వ శతాబ్దపు గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. నీ వ్యాసంలో ఆ చర్చి మాటే లేదు!

మళ్ళీ రాయి. మఠంతో మొదలుపెట్టు. కుక్క కథ తీసేయొద్దు, ప్రిచర్డ్ పేరు కింద పెట్టు. పనిలో పనిగా ‘బెడ్’ అని రాసిన చోటల్లా ‘బెద్’ అని దిద్దు. వెల్ష్ వాళ్ళు పలికేది మన ‘ద’కే దగ్గర.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య