గోబిపువ్వు (కాలీఫ్లవర్) రాలేదన్నరు కదా, ముందు రకం చూసుకోండి

అన్నా, నల్లగొండల ఇంటెనక జాగల గోబి పెడితే సంక్రాంతి దాటినా ఆకులే తప్ప పువ్వు రాలేదు, ఈసారి చలికాలం ఏం పెట్టాలె అని అడిగిన్రు. మాది మిర్యాలగూడ దిక్కు. రెండేండ్లు నాకూ అట్లనే అయింది. నీళ్లు చాలలేదేమో అనుకున్న, పెంట ఎరువు పెంచిన. ఆఖరికి చూస్తే నేను తెచ్చింది పూసా స్నోబాల్ అనే రకం. అది పువ్వు కట్టాలంటే 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలె. మన దగ్గర డిసెంబరుల గూడ పగలు ఎండ కొడుతనే ఉంటది. మూడో ఏడు పూసా దీపాలి పెట్టిన. అది ముందుగాల వచ్చే రకం, అంత చలి అక్కర్లేదు, మంచిగ కట్టింది. రకం పేరు చెప్పలేని నర్సరీల నారు తీసుకోకండి.

వినాయక చవితి నాడు నారు పోస్తే ఎంగిలిపూల బతుకమ్మ నాటికి 25 రోజుల నారు అయితది. సాయంత్రం పూట మూరెడు ఎడంతో నాటాలె. ఈ రకాన్ని ఆలస్యం చేసినా, ముదురు నారు పెట్టినా పువ్వు గుండీ అంత ఉండంగనే ఆగిపోతది. పువ్వు కోడిగుడ్డంత అయినంక దాని ఆకులనే మీదికి వంచి కట్టండి, లేకుంటే ఎండకు పసుపుపచ్చగ అయితది.

ఇగ నీళ్ల సంగతి. మీ బోరు నీళ్లు ఉప్పగుంటే పాలకూర, బీట్‌రూట్ తట్టుకుంటయి. క్యారెట్, బీన్స్ తట్టుకోవు, వాటికి మంచినీళ్లు ఉంటేనే పెట్టండి. క్యారెట్ నారు పోసి నాటేది కాదు, గింజ ఉన్నకాడనే పెరగాలె. మన చెల్కల రాళ్లు తగిలితే గడ్డ రెండుగ చీలుతది. నేను ఒక మడి మట్టి మొత్తం జల్లెడ పట్టిన. రెండు రోజుల పని, కానీ గడ్డలు నిటారుగ దిగినయి.

మెంతి, కొత్తిమీర ఒక్కసారే చల్లకండి. పదిహేను రోజులకొక వరుస వేస్తే ఫిబ్రవరి దాకా కోసుకుంటరు. ధనియాలు చేత్తో నలిపి బద్దలు చేసి చల్లాలె.

గోబి ఆకులకు తూట్లు చేసే చిన్న పచ్చపురుగు తప్పకుంట వస్తది. పొద్దుగాల ఏరేస్త. ఎక్కువైతే లీటరు నీళ్లల్ల 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఇంత సబ్బునీళ్లు కలిపి ఆకు కింది దిక్కు కొడుత. గోబి మడి చుట్టు ఆవాలు చల్లితే పురుగు చానా వరకు వాటి మీదికే పోతది. ఆవాలు గోబి నారు నాటేకంటే పదిహేను రోజులు ముందే చల్లాలె.

మీది బోరా, నల్లానా? చెప్తే ఏ మడిల ఏం పెట్టాలెనో ఇంకింత వివరంగ రాస్త.