అహింసతో యుద్ధాలు ఆగుతాయా? నేను చూసినది చెప్తాను

అవతలివాడు మంచివాడైతేనే అహింస పనిచేస్తుంది, తుపాకీ పట్టినవాడికి దండం పెడితే ఏమొస్తుంది అని అడిగారు. వాడి మంచితనంతో దీనికి పెద్దగా పని లేదండి. వాడికి మన దగ్గర్నుంచి ఏదో ఒకటి కావాలి, అది అందకుండా చేయడంలోనే బలమంతా ఉంది.

మాది నెల్లూరు జిల్లా. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నడిచినప్పుడు నేను బడికెళ్లే వయసులో ఉన్నాను. దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు రాత్రి బడిలో చదువుకునే ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకం ఆపించారన్న కబురు ఊరూరా పాకింది. మా ఊళ్లో సారా ప్యాకెట్ల బండి రాకుండా దారికి అడ్డంగా కూర్చున్నవాళ్లలో మా అమ్మ కూడా ఉంది. కాంట్రాక్టర్ మనుషులు బూతులు తిట్టారు, చంపుతామన్నారు, అయినా ఒక్కరూ లేవలేదు. కొన్ని ఊళ్లలో చీపుర్లు, కారప్పొడి పట్టుకున్నారు కాబట్టి అదంతా అచ్చమైన అహింస అని నేను అనను. కానీ కత్తులే పట్టి ఉంటే పోలీసులకు సాకు దొరికేది, వారం తిరక్కుండా అణిచేసేవాళ్లు. సారా అమ్ముకునే హక్కు కోసం సర్కారు పెట్టే వేలంపాటలు జిల్లాలో మాటిమాటికీ వాయిదా పడ్డాయి, పాట జరగకపోతే సర్కారుకు డబ్బు రాదు, అసలు దెబ్బ అక్కడ తగిలింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు.

సారా వేరు, యుద్ధం వేరు అంటారేమో, అంతర్యుద్ధంతో నలిగిన పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియా చూడండి. 2003లో ఆ యుద్ధం ఆపమని అక్కడి క్రైస్తవ, ముస్లిం ఆడవాళ్లు కలిసి తెల్లబట్టలు కట్టుకుని నెలల తరబడి రోడ్డు పక్కన కూర్చున్నారు. ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు సాగుతూనే ఉంటే, వాళ్ల నాయకురాలు లేమా గ్బోవీ వెంట కొందరు అక్కడికే వెళ్లి, నాయకులు బయటికి రాకుండా హాలు తలుపుల దగ్గర బైఠాయించారు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. బయటి దేశాల ఒత్తిడి కూడా ఉంది, అంతా వాళ్ల వల్లే అనను, కానీ వాళ్లను పక్కన పెట్టి ఆ కథ చెప్పలేం.

మనం బతికి ఉండటమే ఇష్టం లేని శత్రువైతే? 1994లో ఆఫ్రికాలోని రువాండాలో టుట్సీ తెగవాళ్లను ఊచకోత కోస్తుంటే వాళ్లనే అహింస పాటించమనడం అన్యాయం. అలాంటి చోట చేతులు ముడుచుకోవాల్సింది చంపేవాళ్ల పక్షాన పనిచేసే జనం, వాళ్లకు ఆయుధాలు మోసే జనం. 2019లో ఇటలీలోని జెనోవా రేవు కార్మికులు ఆ పనే చేశారు, సౌదీ అరేబియా యెమెన్‌లో చేస్తున్న యుద్ధానికి పనికొస్తాయని సౌదీ ఓడలోకి జనరేటర్లు ఎక్కించం అన్నారు. ఓడ అవి లేకుండానే వెళ్లింది.