నాన్న నీరసానికి ఆన్‌లైన్ పెప్టైడ్ ఇంజెక్షన్ ఇప్పించవచ్చా?

ప్రశ్న: నాన్నకు 61 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. కొన్ని నెలలుగా బాగా నీరసం, మెట్లెక్కితే ఆయాసం. ఎస్‌ఎస్-31 అనే యాంటీ ఆక్సిడెంట్ పెప్టైడ్ ఇంజెక్షన్‌తో ఓపిక వస్తుందని, ఆన్‌లైన్‌లో తెప్పిస్తానని అన్నయ్య అంటున్నాడు. అది మార్ఫిన్ జాతి మందని చదివాను. అలవాటైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అలవాటవుతుందన్న భయం అక్కర్లేదు. కానీ ఆ ఇంజెక్షన్ మాత్రం వద్దమ్మా.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. నొప్పిని తగ్గించే ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా) పెప్టైడ్లు మన ఒంట్లోనే తయారవుతాయి. వాటిలో ఎన్‌కెఫాలిన్లను 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ గుర్తించారు. ఈ ఎన్‌కెఫాలిన్ల గొలుసులో మొదట ఉండేది టైరోసిన్ అనే అమైనో ఆమ్లం. అది కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్‌కు తన హైడ్రోజన్‌ను ఇచ్చి దాని దూకుడు తగ్గించగలదు. టైరోసిన్‌కు రెండు మిథైల్ గుంపులు చేరిస్తే ఆ శక్తి ఇంకా పెరుగుతుంది. ఎస్‌ఎస్-31లో ఉన్నది ఇలా మార్చిన టైరోసినే. అయితే అది మొదటి స్థానంలో కాకుండా రెండో స్థానంలో ఉంటుంది. అందుకే కణాల మీద ఓపియాయిడ్లను అందుకునే రిసెప్టర్‌ దాన్ని పట్టించుకోదు, మత్తు రాదు. ఆ మందు కణాలకు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లోపలి పొరలోని కార్డియోలిపిన్ అనే కొవ్వును అంటిపెట్టుకుని పనిచేస్తుంది.

ఇది నిజంగా గొప్ప పరిశోధన. ఎలమిప్రెటైడ్ పేరుతో ఈ మందుకు 2025 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే అది బార్త్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు జబ్బుకు మాత్రమే. మైటోకాండ్రియా లోపంతో కండరాలు బలహీనపడినవారికి మూడో దశ పరీక్షలో ఇచ్చి చూస్తే, నడకలోగానీ అలసటలోగానీ ఉత్తుత్తి మందు కంటే మెరుగైన ఫలితం రాలేదు. షుగర్ ఉన్నవారి నీరసానికి పనిచేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే సీసాల మీద 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉంటుంది. లోపల ఏముందో, అది శుభ్రమైనదో కాదో తెలియదు. షుగర్ ఉన్నవారికి సూదిపోటు దగ్గర చీము పడితే తొందరగా మానదు.

నన్ను కలవరపెడుతున్నది మీ నాన్నగారి ఆయాసం. షుగర్ ఉన్నవారికి గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నా ఛాతీనొప్పి రాకపోవచ్చు, ఆయాసమే మొదటి గుర్తు కావచ్చు. ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించి ఈసీజీ, ఎకో చేయించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) కూడా చూడాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గి నీరసం రావచ్చు, ఆ పరీక్షా అడగండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఛాతీ పట్టేసినట్టున్నా, చెమటలు పోస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ ఇంజెక్షన్ ఇప్పటికే ఒకటి రెండు చేయించి ఉంటే, అన్నయ్యను ఏమంటారోనని దాచకండి. సీసా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.